గూట్లో సీసా, కాలికి కట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తలుపూ మంచమూ తప్ప మిగతాదంతా రాయే. గోడలు నాపరాళ్లు, నేల నాపరాళ్లు, నెత్తిమీద మిద్దె కూడా నాపరాళ్లే. గోడలో గూళ్లు, అంట్లు తోముకునే అరుగు, ఉప్పుసట్టి పెట్టుకునే పలక, అన్నీ రాళ్లే. బేతంచెర్ల చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా నీళ్లు పడతాయో లేదో గానీ బండ పడడం మాత్రం ఖాయం. మా నాయన బండలు కోసి నునుపు చేసే ఫ్యాక్టరీలో కోత మిషను దగ్గర పనిచేసేవాడు. రంపం మీద ఎప్పుడూ నీళ్లు కారుతూ ఉండాలి కాబట్టి, ఆ నీళ్లూ రాతిపిండీ కలిసిన బురద రోజంతా ఆయన మీద చిందేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అది ఎండిపోయి, మనిషి సున్నం కొట్టిన గోడలాగా ఉండేవాడు. రోజంతా నీళ్లలో నానే మనిషికి ఇంట్లో స్నానానికి దొరికేది ఒక్క బిందె.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా ఊరి పిల్లలకు ఎక్కడానికి చెట్లు తక్కువ, బండల వరుసలు ఎక్కువ. లారీలకెత్తడానికి ఫ్యాక్టరీ ముందర పేర్చి ఉంచే ఆ వరుసల మీదికి ఎక్కొద్దని నాయన ఎన్నిసార్లు చెప్పాడో అన్నిసార్లు ఎక్కాను. ఒక మధ్యాహ్నం ఆయనకు సంగటి తీసుకుపోయి, ఆయన చేతులు కడుక్కునే లోపల మళ్లీ ఎక్కాను. పై బండ జారింది. ముందు నేను పడ్డాను, తర్వాత అది నా మీద పడింది. ఎడమ కాలు మోకాలి కింద విరిగిన చప్పుడు నొప్పి కంటే ముందు వినిపించింది.

నాయన నన్ను భుజాన వేసుకుని లారీ ఎక్కి, రెండు ఊళ్ల అవతల ఎముకలకు కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన ఎముకను సరిచేసి, కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి పూసి, మా అమ్మ పాత చీర చింపిన గుడ్డ చుట్టి, పైన వెదురు దబ్బలు పెట్టి తాడుతో బిగించాడు. చివరన ఒక ముడి వేశాడు. తాడు తనలోకి తానే రెండుసార్లు దూరి కొస కనిపించకుండా పోయే ముడి అది. అట్లాంటి ముడి నేను మళ్లీ ఇంకెవరి చేతిలోనూ చూడలేదు. నలభై ఐదు రోజులు కాలు కదలకూడదనీ, కట్టు వదులైతే ఎముక దాని ఇష్టం వచ్చినట్టు అతుక్కుంటుందనీ, తర్వాత ఎవరొచ్చి ఏడ్చినా చేసేదేమీ లేదనీ చెప్పి పంపించాడు.

అట్లా ఆ ఎండాకాలం నేను మా లోపలి గదిలో ఖైదీనయ్యాను. ఆ గదికి ఒకటే కిటికీ. దాంట్లోంచి చూస్తే రెండు బారల దూరంలో పక్కింటి గోడ. అదీ రాయే. ఆకాశం ముక్క కూడా కనిపించేది కాదు. కాలు పక్కకు ఒరగకుండా అటొక ఇసుక మూట, ఇటొక ఇసుక మూట పెట్టారు. తినడం పడుకునే, తల దువ్వించుకోవడం పడుకునే, మిగతావి చెప్పుకోవడానికి కూడా సిగ్గు. పొద్దెక్కేకొద్దీ మిద్దె బండలు కాగి, మధ్యాహ్నానికి గది పెనం మీద మూతపెట్టినట్టు ఉడికేది. మొదటి వారం నా జతగాళ్లు వచ్చి మంచం చుట్టూ కూర్చునేవాళ్లు. తర్వాత బయట ఆట మొదలయ్యే వేళకు లేచి పోయేవాళ్లు. ఆ తర్వాత రావడం మానేశారు. వాళ్ల అరుపులు మాత్రం కిటికీలోంచి వచ్చేవి. మిద్దెకు పదకొండు బండలున్నాయి. పొద్దున లెక్కపెడితే పదకొండు, సాయంత్రం లెక్కపెట్టినా పదకొండే.

అన్నిటికంటే పెద్ద బాధ దురద. కట్టు లోపల చెమట పట్టి, పూసిన పిండి ఎండి, చీమలు పాకినట్టు ఉండేది. చీపురు పుల్ల ఒకటి సంపాదించి దబ్బల సందులోంచి లోపలికి దూర్చి గోక్కునేదాన్ని. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. తొమ్మిదో రోజుకు కట్టు వదులై దబ్బలు జారిపోయాయి. మళ్లీ తీసుకుపోయి మళ్లీ కట్టించుకొచ్చారు. కట్టు కట్టే ఆయన ఈసారి నన్ను కాకుండా నాయనను తిట్టాడు. ఇంకొకసారి విప్పితే ఈ పిల్ల జీవితాంతం కుంటుతుందని, ఆ మాటను నా ఎదురుగానే అన్నాడు. నలభై ఐదు రోజుల లెక్క మళ్లీ మొదటికొచ్చింది.

మా నాయన కోపమొస్తే అరిచే మనిషి కాదు. అన్నం మానేసే మనిషి. ఆ రోజు అన్నం ముట్టకుండా, అమ్మనూ మా జేజినీ నిలబెట్టి ఒకే మాట చెప్పాడు. "ఇంక ఎవురన్నా ఆ కట్టు మీద చెయ్యి పెట్టినారంటే, మళ్లా వాళ్ల మొగం నేను చూడను." జేజి అంటే నాయన తల్లి. నాయన మాట అంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు. ఏదో చిన్న మాట పట్టింపు మీద మైదుకూరులో ఉన్న సొంత అన్నతో నాయన నాలుగేళ్లుగా మాట్లాడడం లేదు. పెద్దకొడుకు ఇంటికి పోవడానికి లేక, పోకుండా ఉండలేక ఆమె ఎంత నలిగేదో ఇప్పుడు తలుచుకుంటే అర్థమవుతుంది. అప్పుడు నాకు నా దురద ఒక్కటే లోకం.

ఆ రోజుల్లో నేను అరిచిన అరుపులు గోడకు అవతలి వైపు కూడా వినిపించేవి. గోడకు అవతల అటెండరు తాత ఉండేవాడు. మా చుట్టం కాదు. కర్నూలులో ఒక కాలేజీలో మొక్కల పాఠాలు చెప్పే గదికి అటెండరుగా ముప్పై ఏళ్లు పనిచేసి, ఆ పని పోయినా పేరు మాత్రం వెంటబెట్టుకుని సొంతూరికి వచ్చాడు. పాఠాలు చెప్పినవాళ్లకంటే గది తాళాలు తీసినవాడికే ఎక్కువ తెలుసునని ఆయన నమ్మకం. ఒక సాయంత్రం ఆయన పిప్పరమెంట్ల అంగడి నుంచి ఒక పెద్ద గాజు సీసా చంకన పెట్టుకుని మా గదిలోకి వచ్చాడు. ఏడుస్తున్న నన్ను ఊరుకోమనలేదు. "పని ఉండాది పాపా, నీ చేతులు కావాల. కాళ్లతో పని లేదులే" అన్నాడు.

ఆ పని రెండు రోజులు నడిచింది. మొదటిరోజు కావలసినవన్నీ ఇంటిల్లిపాదితోనూ తెప్పించాడు. నాయన ఫ్యాక్టరీ నుంచి చిన్నచిన్న రాతి పలుకులు తెచ్చాడు. అమ్మ పొయ్యిలో బొగ్గులు ఏరి ఇచ్చింది. నేను పడుకునే, గుండెల మీద పలక పెట్టుకుని, ఆ బొగ్గును దంచాను. ముక్కూ మొహమూ నల్లగా చేసుకున్నాను. జేజి ఎర్రమట్టి జల్లించి పెట్టింది. నాచు దొరకడమే కష్టమైంది. మా ఊళ్లో ఎండాకాలంలో పచ్చటి నాచు ఎక్కడుంటుంది? అది కూడా నాయనకే దొరికింది. కోత మిషనుకు నీళ్లిచ్చే తొట్టి కింద, ఎవరూ వంగి చూడని చోట, ఎప్పుడూ చెమ్మగా ఉండే బండ ఒకటుందట. దాని మీది నాచును అట్ల కాడతో చెక్కి తడి తువ్వాలులో చుట్టుకుని, బాలింత బిడ్డను పట్టుకొచ్చినట్టు తెచ్చాడు. తాత దిగుడుబావి మెట్ల సందులోంచి ఈకల్లాంటి ఆకులున్న వేలెడు మొక్క ఒకటి పెకలించుకొచ్చాడు. దానికి కాలేజీలో నోరు తిరగని పేరుండేదట. ఆ పేరు తనకూ నోరు తిరగదని ఒప్పుకున్నాడు.

రెండోరోజు సీసాను నా మంచం మీదికి తెచ్చి నా చేతనే అన్నీ వేయించాడు. అడుగున రాతి పలుకులు, వాటి మీద బొగ్గు, దాని మీద మట్టి. నా చేయి సీసా మెడలో పట్టినా అడుగుదాకా పోలేదు. అందుకని కట్టెపుల్లకు చెంచా కట్టి ఇచ్చాడు. ఆ చెంచాతో గుంట తీసి, మొక్క వేరు దాంట్లో దింపి, చుట్టూ నాచు పరిచాను. గంటసేపు నా కాలు నాకు గుర్తుకు రాలేదు. చివరకు తాత లెక్కపెట్టి నాలుగు చెంచాల నీళ్లు పోయించాడు. మూత బిగించాడు. మూత మీద, నా కట్టుకు చుట్టగా మిగిలిన అమ్మ చీర పేలికనే చుట్టి ముడివేశాడు.

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. ఆ నీళ్లు ఇంక ఎక్కడికీ పోవట. ఆవిరై పైకి లేస్తాయి, గాజుకు తగిలి చుక్కలై మళ్లీ మట్టిలోకే దిగుతాయి. దాని వాన దానికే ఉంది, మనం ఒక్క చుక్క కూడా పోయనక్కర్లేదు. మూత మాత్రం తీయకూడదు. "దానికీ కట్టు, నీకూ కట్టు. రెండూ ఒకే దినం విప్పుదాం. కాపలా నీదే" అన్నాడు. సీసాను నాకు కనిపించే గూట్లో, చేతికి అందనంత ఎత్తున పెట్టి, తన కూతురిని చూడడానికి కర్నూలు పోయాడు.

మర్నాడు పొద్దున్నే కళ్లు తెరిచేసరికి సీసా లోపలంతా మంచు పట్టినట్టుంది. కాసేపటికి ఆ చెమ్మ చుక్కలై, ఒకదానికొకటి అంటుకుని, గాజు మీద గీతలు గీస్తూ కిందికి జారింది. వాన. మా ఊళ్లో అప్పటికి ఏడు నెలలుగా వాన లేదు. బోరింగు దగ్గర వరుసలో బిందెలు పెట్టి వచ్చిన ఆడవాళ్లు కూడా మా గదిలోకి తొంగిచూసి పోయేవాళ్లు. వాళ్లలో ఒకామె "ఇంగ వాన పడాలంటే సీసాలో కూర్చోవాలేమో మనం" అంది. నేను మంచంలో పడుకుని, సినిమా హాలు యజమానిలాగా అందరికీ చూపించేదాన్ని.

అయితే మా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. నీళ్లు పోయకుండా ఒక మొక్క బతుకుతుందంటే, బిందె నీళ్ల కోసం రెండు గంటలు నిలబడే మనుషులు ఎట్లా నమ్ముతారు? నాలుగో రోజు పొద్దున జేజి తాను మందుబిళ్ల వేసుకునే చెంబుతో గూటి దగ్గరికి వచ్చింది. మూత విప్పి, చెంబులో సగం ఒంపి, మళ్లీ కట్టేసింది. నేను చూస్తున్నానని చూసి దగ్గరికొచ్చి, "నోరు లేనిది, దప్పికని అడగలేదు కదమ్మా. తాతకు చెప్పాకు" అంది. ఆ మధ్యాహ్నం అమ్మ వచ్చింది. బియ్యం కడిగిన నీళ్లు చారెడు. ఆమె కూడా జేజికి చెప్పొద్దంది. మరుసటి రోజు తెల్లవారగానే, పనికి పోయే ముందు నాయన వచ్చాడు. తాగుతున్న లోటాలోంచి మిగిలింది పోసి, నా వైపు చూసి, వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

ఒకరికి తెలియకుండా ఒకరు, ముగ్గురూ, రోజూ. ఆ ఇంట్లో ఆ ముగ్గురి సంగతీ తెలిసింది మంచంలో ఉన్న నాకొక్కదానికే. కాపలా పెట్టింది నన్నే. అయినా నేను గమ్మునున్నాను. ఎందుకున్నానో కూడా చెప్పేస్తాను. నాకూ లోపల అదే అనుమానం. నాలుగు చెంచాల నీళ్లతో నలభై రోజులా? తాత ముసలాయన, ఏదో మాట వరసకు అని ఉంటాడనుకున్నాను. పోసేవాళ్లు పోస్తుంటే మంచిదే కదా అనుకున్నాను.

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. ఈ కథంతా దాని కోసమే చెబుతున్నాను. మధ్యాహ్నం అమ్మ నీళ్లకు పోయేది, నాయన పనిలో ఉండేవాడు. ఇంట్లో నేనూ జేజీ. ఆమె పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతుండేది. గది ఉడుకుతుండేది, కట్టు లోపల దురద పిచ్చెక్కించేది. కొంచెం వదులు చేయమని మూడు రోజులు ఆమెను బతిమాలాను. మూడు రోజులూ తల అడ్డంగా ఊపింది. నాలుగో రోజు నేను తల మంచపు కోడుకు కొట్టుకున్నాను. ఆమె లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి, ఏడుస్తూనే ముడి విప్పింది. దబ్బలు పక్కకు జరిపి, తడిగుడ్డతో తుడిచి, నోటితో ఊదింది. ఆ చల్లదనం అరవై ఏళ్లు దాటిన ఈ ఒంటికి ఇప్పటికీ గుర్తుంది. స్వర్గమంటే అదేననుకున్నాను. మళ్లీ అన్నీ సర్ది, తనకు చేతనైనంత గట్టిగా కట్టింది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం అదే వరస. సీసాకు కాసిని నీళ్లు, నాకు కాసింత గాలి.

నేను అరవడం మానేశాను. సీసా వచ్చాక పిల్లకు బుద్ధి కుదిరిందని అమ్మ ఊరంతా చెప్పుకుంది. నాయన అన్నం సరిగ్గా తింటున్నాడు. ఇల్లు నెమ్మదించింది. జేజి మాత్రం నాయన ఇంట్లోకి అడుగుపెట్టగానే నా మంచానికి దూరంగా పోయి కూర్చునేది. తప్పు చేసినవాళ్లు కూర్చునే దూరం అది. అప్పుడు నాకది తెలియలేదు.

అటెండరు తాత రెండు వారాల తర్వాత వచ్చాడు. అప్పటికే సీసాలో మట్టి నల్లబడి చిత్తడైంది. రాతి పలుకులు నీళ్లలో మునిగిపోయాయి. నాచు పసుపు పచ్చగా తిరిగి, ఈకల మొక్క వంగి గాజుకు అతుక్కుపోయింది. ఆయన మూత తీయగానే గదంతా కుళ్లు వాసన కొట్టింది. ఎవరు తీశారని అడిగితే నేనే అన్నాను. ఆయన నా వంక చూశాడు, గూటి వంక చూశాడు, మధ్యలో ఉన్న ఎత్తు చూశాడు. మొక్కను చెంచాతో పైకి తీసి, నల్లబడి మెత్తబడిన వేళ్లను నా అరచేతిలో పెట్టి చూపించాడు. "పగతో ఎవురూ చంపలేదు పాపా దీన్ని. అందురూ బాగుండాలనే పోసినారు. అందుకే సచ్చింది" అన్నాడు.

అంతలో ఆయన కళ్లు నా కాలి మీద పడ్డాయి. కట్టు మీద ముడి చూశాడు. కట్టు కట్టే ఆయన వేసే, కొస కనిపించని ముడి కాదది. రెండు చెవులు పైకి లేచి నిలబడిన ముడి. మా జేజి కొంగుకు తాళంచెవి కట్టుకునే ముడి. ఆయనకు అర్థమైంది. గడప దగ్గర విసనకర్ర పట్టుకుని నిలబడిన జేజికి, ఆయనకు అర్థమైందని అర్థమైంది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. తాత ఆమెను నిలదీయలేదు. దప్పికేస్తోందని, కొంచెం మజ్జిగ ఉంటే ఇమ్మని వంటింట్లోకి పంపించాడు. ఆమె అటు పోగానే నా దగ్గరకు వంగి, మెల్లగా అన్నాడు. "సీసా పోతే ఇంగోటి చేసుకుందాం. కాలు మళ్లా చేసేదానికి రాదు. ఈ పొద్దే చెప్పాల మీ నాయనకు. ఏమని చెప్తావో నీ ఇష్టం."

ఆయన ఆ చివరి మాట ఎందుకన్నాడో ఆలోచించడానికి నాకు సాయంత్రం దాకా సమయం ఉంది. పదకొండు బండలను చూస్తూ పడుకున్నాను. చెప్పకపోతే కాలు వంకరగా అతుక్కుంటుంది. జరిగింది చెబితే నాయన జేజి ముఖం చూడడు. చూడనంటే చూడడు, మైదుకూరు పెదనాయనే సాక్ష్యం. జేజికి ఈ రాతి గది తప్ప ఇంకో చోటు లేదు. నేను మంచంలో ఇరుక్కుంటే ఆమె ఈ ఇంట్లో ఇరుక్కుందని మొదటిసారి నాకు తోచింది. నాకైనా నలభై ఐదు రోజులకు కట్టు విప్పుతారు.

నాయన ఒంటి మీద బురద కడుక్కుని రాగానే, కట్టు నేనే విప్పుకున్నానని చెప్పాను. రోజూ విప్పుకుంటున్నానని కూడా చెప్పాను. జేజి స్తంభం పక్కనుంచి ముందుకొచ్చి నోరు తెరిచింది. ఆమె నా మంచం పక్కగా వస్తుంటే నేను ఆమె కొంగు పట్టుకుని లాగాను. తాళంచెవి ముడి నా గుప్పిట్లోకి వచ్చింది. దాన్ని వదల్లేదు. ఆమె నన్ను చూసింది. అట్లాగే నిలబడిపోయింది. అటెండరు తాత వాకిట్లోంచే, పిల్లల చేతులు ఊరకుంటాయా అప్పా, జరిగిందేదో జరిగింది, తెల్లారి బయల్దేరు, నేనూ వస్తానన్నాడు. ఆ రాత్రి నాయన అన్నం తినలేదు. జేజి కూడా తినలేదు.

కట్టు కట్టే ఆయన ఎముక మీద బొటనవేలితో రాస్తూ పోయి ఒకచోట ఆగాడు. అప్పటికే పక్కకు జరిగి అతుక్కోవడం మొదలైందట. లాగి సరిచేశాడు. ఎట్లా లాగాడో నేను చెప్పను. అంత నొప్పిలోనూ నిజాన్ని నోరు దాటనివ్వలేదన్న గర్వం మాత్రం రవ్వంత ఉండింది. పూర్తిగా మునుపటిలాగా రాదు, నడవడానికి మాత్రం ఢోకా లేదని చెప్పి, మూడోసారి ముడి వేశాడు. నాయన తిరిగొచ్చే దారంతా నన్ను ఒళ్లో పెట్టుకుని లారీ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

మళ్లీ నలభై ఐదు రోజులు. మళ్లీ సీసా. ఈసారి తాత ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, వాళ్ల కళ్లముందే నాలుగు చెంచాల నీళ్లు పోయించి కట్టాడు. కాపలా జేజికి అప్పజెప్పాడు. సీసాకా, నా కాలికా అని ఎవరూ అడగలేదు. ఆమె గూటి కింద నేలమీద, నాకు ఎదురుగా కూర్చునేది. మధ్యాహ్నం దురదతో నేను ఏడిస్తే ఆమె కూడా ఏడ్చేది. అడిగితే విసురుతుంది, అడిగితే కథ చెబుతుంది, కట్టు సంగతెత్తితే మాత్రం రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఒళ్లో పెట్టుకునేది. ఆ చేతులు కొంగు లోపల కదలడం నాకు కనిపించేది. నాయన నీళ్ల లోటాతో గూటి దాకా వచ్చి, ఆగి, తనే తాగేసి పోయేవాడు. అమ్మ అటువైపు చూడడమే మానేసింది. ఇంట్లో నలుగురం నలభై ఐదు రోజులు చేతులు కట్టుకుని బతికాం. మాకు పనిచేయడం తెలుసు, బరువులెత్తడం తెలుసు, ఏమీ చేయకుండా ఉండడం అప్పటిదాకా తెలియదు.

చివరి రోజున, మొదట నా కట్టు విప్పారు. కాలు కట్టెపుల్లలాగా సన్నబడి, తెల్లగా, నాది కాదన్నట్టుంది. మోకాలి కింద చిన్న వంపు. తర్వాత తాత సీసాను దించి, పేలిక విప్పి, మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. లోపల నాచు మెత్తగా, నిండుగా ఉంది. ఈకల మొక్క చుట్టలు విప్పుకుంటూ రెండు కొత్త ఆకులేసింది. తొలకరి చినుకు పడ్డప్పటి మట్టి వాసన వచ్చింది. ఊళ్లోకి ఆ ఏడు వాన ఇంకా రాలేదు. ఆ వాసన కోసం సీసా చేతులు మారి, చివరకు జేజి దగ్గరకు వచ్చింది. ఆమె చాలాసేపు లోపలికి చూసింది.

నేను గోడ పట్టుకుని లేచి, నాలుగడుగులు వేశాను. ఎడమ పాదం కాస్త బయటికి పడింది. నాయన పర్వాలేదన్నాడు, అమ్మ దండం పెట్టుకుంది. జేజి సీసాను ఒళ్లో పట్టుకుని ఆ పాదాన్నే చూస్తూ, నాకొక్కదానికే వినిపించేట్టు అంది. "గమ్మున కూర్చునేది ఇంత కష్టమని నాకెవురూ చెప్పలేదు బిడ్డా. చెప్పినా ఇనుండనేమో."

ఆ తర్వాత ఆమె బతికిన పదమూడేళ్లూ పొద్దుగూకగానే ఆముదం వెచ్చచేసి తెచ్చి ఆ ఎడమ కాలు ఒత్తేది. రెండో కాలును ఎప్పుడూ ముట్టుకోలేదు. నా మొగుడు మా ఇంటికి ఇల్లరికం వచ్చిన కొత్తలో ఇదేం వింత అని అడిగితే, ఆమె కిందికి చూస్తూ ఒత్తుతూనే ఉంది. నేను నవ్వి, మాట మార్చేశాను. నాయన ముసలితనంలో కూడా నా నడక చూసి, నీ తెలివే నీకు ఈ బహుమానమిచ్చిందని ఆటపట్టించేవాడు. నేనూ ఆయనతో కలిసి నవ్వేదాన్ని. తల్లి ముఖం ఆయన చివరిదాకా చూశాడు, ఆమె చివరి గుక్క నీళ్లు ఆయన చేతనే తాగింది. నాకది చాలు.

మొన్న మా మనవరాలు గాజు గిన్నెలో ఇట్లాంటిదే ఒకటి తెప్పించుకుంది. దాన్ని టెర్రేరియం అంటారట. ఫోనులో చూసి కావాలంటే చేసి ఇంటికే పంపిస్తారట. తాను హాస్టలుకు పోతూ, అవ్వా నువ్వు మాత్రం దానికి నీళ్లు పోయొద్దు అని మూడుసార్లు చెప్పి పోయింది. మూడోనాడు పొద్దున చూసుకుంటే, నేను నీళ్ల గ్లాసుతో దాని ముందర నిలబడి ఉన్నాను. ఎప్పుడొచ్చి నిలబడ్డానో నాకే తెలియదు. ఆ నీళ్లు నేనే తాగేసి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. పిల్లలు వాళ్ల కష్టాలు చెప్పుకుంటుంటే కూడా నాకు అట్లాగే అవుతుంది. చెయ్యి ముందుకు పోతుంది, కొంగులో చుట్టుకుంటాను. కొన్నిసార్లు చుట్టుకోవడం మరిచిపోయి చేసేస్తాను, తర్వాత తిట్లు తింటాను.

ఇప్పటికీ నడిస్తే ఎడమ పాదం బయటికి పడుతుంది. చలికాలంలో ఆ వంపు దగ్గర సలుపుతుంది. ఏమైందని ఎవరడిగినా చిన్నప్పుడు మాట వినక కట్టు నేనే విప్పుకున్నానని చెబుతూ వచ్చాను. కట్టు కట్టిన ఆయనకూ, నాయనకూ, అమ్మకూ, నా మొగుడికీ, నా పిల్లలకూ అదే చెప్పాను. ఈ రోజే మొదటిసారి జేజి విప్పిందని చెబుతున్నాను. చెప్పినా ఇప్పుడు ఫరవాలేదు. ఆమె ముఖం చూడనని అనేవాళ్లు ఎవరూ మిగల్లేదు.